నూకరత్నం ముక్కు

నూకరత్నానికి వాసన తెలియడం మానేసి చలికాలం దాటిపోయింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఇంకొకరికైతే అదొక కష్టం, అంతే. నూకరత్నానికి మాత్రం ముక్కే బతుకు. విశాఖపట్నం రేవు దగ్గర, పాత గోడౌన్ల వీధిలో ఇనాయత్ ఉస్తాద్ కాఫీ గది ఉంది. ఇథియోపియా నుంచి, కెన్యా నుంచి, సుమత్రా నుంచి, ఇటు మన మన్యం కొండల నుంచి పచ్చి కాఫీ గింజలు అక్కడికి నమూనాకి వస్తాయి. వాటిని చిన్న డ్రమ్ములో వేయించి, పొడి చేసి, కప్పుల్లో వేసి వేడినీళ్లు పోస్తారు. వాసన పట్టి, రుచి చూసి, ఏ గింజ ఎలాంటిదో చెబుతారు. ఆ మాట మీదే సరుకు అమ్ముడుపోవాలి, లేదా వెనక్కి పోవాలి. ఉస్తాద్‌కి వయసు మీద పడ్డాక ఆ మాట చెప్పేది ఆయన శిష్యురాలు నూకరత్నమే.

ఆమె జాలరిపేట పిల్ల. చిన్నప్పుడు గింజలు ఏరే కూలికి వచ్చింది. నల్లగింజ, పురుగుగింజ తీసెయ్యమంటే, చూడ్డానికి నిక్షేపంగా ఉన్న గింజల్ని కూడా పక్కన పెట్టేది. మేస్త్రీ కసిరితే, "వాసన బాగోలేదండి" అంది. ఉస్తాద్ ఆ గింజలు వేయించి చూసి, ఆ సాయంత్రమే ఆమెను లోపలికి పిలిచి కాఫీ బల్ల దగ్గర నిలబెట్టాడు. ఎండుచేపల మధ్య పెరిగిన ముక్కు కాఫీ వాసన ఏం పడుతుందని వ్యాపారులు నవ్వుకున్నారు. కొన్నాళ్లకి నవ్వడం మానేసి, చేతులు కట్టుకుని ఆమె నోటివంక చూడటం నేర్చుకున్నారు.

ఆ ముక్కు కోసం నూకరత్నం ఒక్కొక్కటే వదులుకుంటూ వచ్చింది. చేపల కూర మానేసింది. ఉల్లి, వెల్లుల్లి మానేసింది. తలలో పూలు, ఒంటికి పౌడరు మానేసింది. ఒక సంబంధం వస్తే, పిల్లాడి చొక్కా చుట్టకంపు కొడుతోందని కాదంది. ఆ తర్వాత సంబంధాలు రాలేదు. ఇంట్లో చేపల వాసన మధ్య ఉంటే ముక్కు మొద్దుబారుతుందని జాలరిపేటే వదిలేసి, ఊళ్లో ఒక మేడమీద గది తీసుకుంది. తల్లి పైడమ్మ చూడ్డానికి వస్తే గుమ్మం దగ్గరే కూర్చోబెట్టి మాట్లాడి పంపేది.

"ఏటే రత్నం, కన్నతల్లి కంపయిపోయిందేటే నీకు?" అని ఆవిడ ఒకసారి నవ్వుతూ అంది. ఇంకోసారి నవ్వకుండా అంది. ఆ తర్వాత రావడం మానేసింది.

ఇవేవీ వదులుకోమని ఉస్తాద్ ఏనాడూ చెప్పలేదు. వదిలిన కొద్దీ ముక్కు పదునెక్కుతోందని ఆమే అనుకుంది. అందులో నిజం కొంచెం, గర్వం ఎక్కువ.

అలాంటి మనిషికి ఒక జ్వరం వచ్చింది. అందరికీ వచ్చినట్టే వచ్చి, అందరికీ తగ్గినట్టే తగ్గింది. తగ్గిన పొద్దున డికాషన్ దించి ముఖం దగ్గర పెట్టుకుంటే ఆవిరి తగిలింది, అంతే. పొడి పాతబడిందేమో అనుకుంది. కర్పూరం నలిపి చూసింది. ఇంగువ డబ్బా మూత తీసి చూసింది. బీరువాలో బట్టల మధ్యనుంచి నాఫ్తలీన్ ఉండ తీసి ముక్కుకి ఆనించుకుంది. అది చల్లగా ఉంది. ఇంకేమీ లేదు. ఆ ఉండని చేతిలో పట్టుకుని గది మధ్యలో అలాగే కూర్చుండిపోయింది.

"రావచ్చు, రాకపోవచ్చు. ఓపిక పట్టాలి" అన్నాడు డాక్టరు.

లోకం ఉన్నచోటే ఉంది. ఆమెతో పలకడమే మానేసింది. పొయ్యిమీద పాలు మాడితే పొగ చూస్తేగాని తెలిసేది కాదు. తన ఒంటి నుంచి వాసన వస్తోందేమో, వచ్చినా తనకి తెలియదు కదా అని పదేపదే స్నానం చేసేది. బస్సులో పక్కన చోటున్నా కూర్చోకుండా నిలబడేది. అన్నం తడిసిన కాగితంలా ఉండేది. నాలుగు ముద్దలు మింగి చెయ్యి కడిగేసుకునేది. ఎవరితోనైనా చెప్పుకుందామంటే ఎవరున్నారు? ఉన్నవాళ్లని తనే దూరం పెట్టుకుంది. మిగిలింది ఉస్తాద్ ఒక్కడే. ఆయనకి చెబితే ఆ బల్ల దగ్గర చోటు కూడా పోతుందని భయం.

అందుకని అబద్ధం మొదలుపెట్టింది.

కళ్లున్నాయి, జ్ఞాపకం ఉంది. ఇథియోపియా గింజ చిన్నగా ఉంటుంది. సుమత్రా గింజ పెద్దది, ముదురు పచ్చ, వంకరటింకర. గింజని చూసి, వెనకటి ఏళ్లలో ఆ నేల గింజ గురించి తను అన్న మాటలే మళ్లీ అనేది. "మల్లెపూవు... వెనక నిమ్మతొక్క" అనేది. "తడిమన్ను, కాగిన బెల్లం" అనేది. అదృష్టమో, అన్నేళ్ల అనుభవమో, మాట తప్పలేదు. వ్యాపారులు తలలూపి, "అమ్మ ముక్కంటే ముక్కే" అనేవాళ్లు. ఆ మెప్పు విన్న రోజున ఆమెకి ఇంటికి నడిచే దారి మరీ పొడుగయ్యేది.

ఉస్తాద్ బల్ల చివర కూర్చునేవాడు. ఆమె అయ్యాక తనూ ప్రతి కప్పూ రుచి చూసేవాడు. ఏమీ అనేవాడు కాదు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో, అకాలవాన ఒకటి పట్టుకుంది. ఆ వానలో కిల్లో సోమన్న అనే రైతు పాడేరు అవతల కొండల నుంచి బస్సుమీద ఒక గోనె కాఫీ గింజలు వేసుకుని వచ్చాడు. పెద్ద కాఫీ షాపుల కంపెనీ ఒకటి కొత్త సరుకు వెతుకుతోంది. వాళ్ల మనిషి చలపతి ఆ రోజు గదిలోనే ఉన్నాడు. విదేశీ గింజలతో పాటు సోమన్నదీ రుచి చూసి, బాగుంటే అతని తోట పంటంతా కొంటామని మాట. సోమన్న అప్పటిదాకా గింజల్ని సంతలో దళారీ అన్న ధరకే పోసేవాడు. ఆ ఏడు మాత్రం భార్యాభర్తలిద్దరూ ఎర్రగా పండిన పళ్లనే ఏరి, మంచె కట్టి ఆరబెట్టారు.

నూకరత్నం బల్ల వెంట ఒక్కో కప్పూ దాటుకుంటూ వచ్చింది. ఇథియోపియాకి మల్లెపూవు చెప్పింది. సుమత్రాకి తడిమన్ను చెప్పింది. సోమన్న కప్పు దగ్గర ఆగిపోయింది. ఆ తోట గింజ ఆమె ఎప్పుడూ ఎరగదు. వెనకటి మాట ఒక్కటీ లేదు. చెంచాతో తీసి నోట్లోకి పీల్చింది. వేడి, చేదు. మళ్లీ పీల్చింది. అందరూ తనవంకే చూస్తున్నారు. ఆమె కళ్లు గది మూలకి పోయాయి. అక్కడ సోమన్న గోనె ఉంది. వానకి తడిసి, ఒక పక్క నల్లటి మరక కట్టింది.

"బూజు వాసన" అంది.

చలపతి కలం మూసేశాడు.

"బూజా?" అన్నాడు సోమన్న. "ఏటమ్మా అలాగంటారు? పొద్దుగూకులూ తిప్పుతూనే ఉన్నాం కదమ్మా. మంచుపడితే మా ఇంటిది తన దుప్పటి తీసి గింజలమీద కప్పింది."

ఆమె చెంచా నీళ్లలో ముంచి పక్కన పెట్టింది. అతను ఇంకాస్సేపు నిలబడి, ఇక ఎవరూ ఏమీ అనరని అర్థమయ్యాక, వంగి గోనె మెడ పట్టుకున్నాడు.

"ఉంచు నాయనా" అన్నాడు ఉస్తాద్, సోమన్న కప్పులో ముంచిన చెంచా దించుతూ. "ఒక్క కప్పుతో మాట తేల్చకూడదు. రేపు పొద్దున మళ్లీ చూద్దాం. చలపతీ, నువ్వూ రా." సోమన్నకి ఆ రాత్రికి వరండాలో చాప వేయించాడు.

ఆ సాయంత్రం మళ్లీ వాన పడింది. వీధిలో జనం అరుగులమీదికి వచ్చి నిలబడ్డారు. ఎదురింటి ముసలాయన తల పైకెత్తి గుండెలనిండా గాలి పీల్చి, "అబ్బ, మట్టి వాసన!" అన్నాడు. ఎవరో అవునన్నారు. మేడమీద నూకరత్నం కటకటాలు పట్టుకుని నిలబడింది. చెయ్యి చాచింది. చినుకులు తడిగా తగిలాయి. కింద అందరూ ఒకే విందులో కూర్చున్నట్టున్నారు. ఆమె విస్తరే ఎవరూ వెయ్యలేదు.

దుప్పటి తీసి గింజలమీద కప్పిందట. ఆ మాట ఆమెను పడుకోనివ్వలేదు.

తెల్లారేసరికి ఒక నిర్ణయానికి వచ్చింది. కాఫీ గది తాళంచెవి ఉస్తాద్ బల్లమీద పెట్టేస్తుంది. ఒంట్లో బాగోలేదని చెబుతుంది. సోమన్న కప్పు ఆయనే చూసుకుంటాడు. నిజం చెప్పకుండా అబద్ధం మానుకోవడానికి ఆమెకి తోచిన దారి అదొక్కటే.

వెళ్లేసరికి తలుపు తీసే ఉంది. ఉస్తాద్ స్టూలుమీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా రెండు కప్పులు. ఆయన రెండు ముక్కుపుటాల్లోనూ దూది.

మనిషికి అలా దూది పెట్టేది ఒక్కసారే.

"అయ్యో, అదేటి ఉస్తాద్! తీసెయ్యండి ముందు!" ఎన్నాళ్లుగానో నోట రాని జాలరిపేట మాట ఊడిపడింది.

ఆయన తియ్యలేదు. జలుబు చేసినట్టున్న గొంతుతో "కూర్చో బేటీ" అన్నాడు. "సోమన్న గింజ. ఇప్పుడే వేయించాను."

కూర్చుంది. ఉస్తాద్ తన కప్పు ఎత్తి ఒక గుక్క తాగాడు. కాసేపు కళ్లు మూసుకున్నాడు. తెరిచి, "నాకేమీ తెలియడం లేదు" అన్నాడు. "నీకు?"

రేవులో ఓడ ఒకటి కూత పెట్టింది. నూకరత్నం తాళంచెవిని గుప్పిట్లో నొక్కుకుంటూ, దూది పెట్టుకున్న ఆ ముసలి ముఖంవంక చూసింది. అందులో పరీక్ష లేదు. కోపం లేదు.

"నాకూ తెలియడం లేదు, ఉస్తాద్" అంది.

ఎప్పటినుంచి అని ఆయన అడగలేదు. ఎందుకు చెప్పలేదనీ అడగలేదు.

"సరే" అన్నాడు. "ఇంకేం మిగిలిందో చూడు."

ఆమె చెంచాతో తీసుకుని పీల్చింది. నాలుకంతా తిప్పి, అలవాటు కొద్దీ పక్కనున్న ఇత్తడి గిన్నెవైపు వంగింది. కాఫీ బల్ల దగ్గర ఎవరూ మింగరు. అన్ని కప్పులు మింగితే మనిషి నిలవడు. రుచి చూసి ఉమ్మేయాలి. అది ఉస్తాద్ నేర్పిందే.

"మింగు" అన్నాడు ఉస్తాద్.

మింగింది.

"పులుపుంది" అంది మెల్లగా. "పళ్లు పులిసేటంత కాదు. నాలుక అంచులమీదే ఉంది."

"ఊఁ."

"మింగాక తీపి వచ్చింది. కొంచెమే. కానీ పోవడం లేదు."

"బరువు?"

"పల్చటి గంజి అంత."

"బూజు?"

నూకరత్నం తల దించుకుంది. "తెలియదు."

"ఈ బల్ల దగ్గర ఆ మాట నీ నోట వినడం ఇదే మొదలు" అన్నాడు ఉస్తాద్. తిట్టినట్టు లేదు. మెచ్చినట్టూ లేదు.

అంతలో చలపతి వచ్చాడు. వెనకే సోమన్న, వరండాలో చాప చుట్టి పెట్టి లోపలికి వచ్చాడు. ఉస్తాద్ ముక్కులో దూది చూసి ఇద్దరూ గుమ్మంలోనే నిలబడిపోయారు. చెప్పవలసింది ఆయన కాదని నూకరత్నానికి తెలిసింది. లేచి నిలబడింది.

"నాకు వాసన తెలియదండి" అంది. "చలికాలంలో జ్వరం వచ్చి పోయింది. నిన్న గోనెమీద మరక చూసి బూజన్నాను. కప్పులో ఏముందో నాకు తెలియలేదు."

చలపతి ముఖం మారిపోయింది. "అంటే ఏమిటమ్మా? ఇన్నాళ్లూ మీరు చెప్పినవన్నీ..."

"ఆమె తర్వాత ప్రతి కప్పూ నేను చూశాను" అన్నాడు ఉస్తాద్. "తప్పు పోతే ఆపేవాణ్ణి. నిన్న ఆపాను. అవన్నీ నా మాటగానే తీసుకో."

దూది తీసి పక్కన పెట్టాడు. సోమన్న గింజ పొడిని ముక్కు దగ్గరకి తెచ్చుకుని చాలాసేపు ఉంచుకున్నాడు. కప్పు రుచి చూశాడు. చెంచా కింద పెట్టి, "బూజు లేదు" అన్నాడు. "నారింజ వలిచినప్పటి వాసన. పండిన పనసతొన. పులుపు నాలుక అంచున, తీపి మింగాక. అది రత్నం పొద్దున్నే చెప్పింది."

చలపతి కూడా రుచి చూశాడు. రెండోసారి చూశాడు. పంట తీసుకుంటామని సోమన్నతో అన్నాడు. తర్వాత నూకరత్నంవైపు చూడకుండానే, "ఉస్తాద్, ఇకమీదట మా సరుకు మీరే చూడండి. ఆవిడ వద్దు" అన్నాడు. బయట ఫోను మాట్లాడుకోవడానికి వెళ్లిపోయాడు.

ఆ మాట పడుతుందని ఆమెకి తెలుసు. తెలిసినా నేరుగా గుండెల్లోకే దిగింది. కప్పులు సర్దుతున్నట్టు చేతులు కదిపింది.

సోమన్న వెళ్లలేదు. తువ్వాలు నలుపుతూ ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. తిడతాడనుకుంది. తిడితే బాగుండుననీ అనుకుంది.

"అయితే మరి, అన్నం ఎలాగ తింటన్నావమ్మా?" అన్నాడు.

ఆమెకి అర్థం కాలేదు.

"వాసన తెలీకపోతే ముద్ద దిగదు కదా. మా అత్తకి పెద్దతనంలో అలాగే అయింది. ఒక్కర్తీ కూచుంటే తినేది కాదు. పక్కన ఎవరో ఒకళ్లం కూచునేవాళ్లం. వాళ్లూ వీళ్లూ మాటాడుకుంటా ఉంటే తినేసేది." ఒక్క క్షణం ఆగి, "నీ పక్కన ఎవరు కూచుంటారు?" అన్నాడు.

నూకరత్నం చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. ఆ చలికాలమంతా ఆమె కంట తడి రాలేదు. ఇప్పుడు ఆగలేదు. సోమన్న ఇబ్బందిపడి, తనేమైనా తప్పు మాటన్నాడేమోనని ఉస్తాద్‌వంక చూశాడు. ఉస్తాద్ తల అడ్డంగా ఊపాడు. సోమన్న ఇద్దరికీ దండం పెట్టి, బస్సుకి వేళయిందని వెళ్లిపోయాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. డ్రమ్ము చల్లారుతూ టిక్కుటిక్కుమంటోంది.

"మీకు ఎప్పుడు తెలిసింది, ఉస్తాద్?"

"జ్వరం తగ్గి నువ్వు వచ్చిన రోజే. గింజలు మాడుతున్నాయి. నువ్వు డ్రమ్ము పక్కనే నిలబడి ఉన్నావు."

"మరి అడగలేదేం?"

"అడిగితే బాగానే ఉందనేదానివి. అప్పుడు నాకు కూడా అబద్ధం చెప్పినదానివి అయ్యేదానివి. అక్కణ్ణుంచి తిరిగి రావడం ఇంకా కష్టం."

నూకరత్నం కళ్లు తుడుచుకుంది. పొద్దుటినుంచీ గుప్పిట్లో ఉన్న తాళంచెవిని బల్లమీద పెట్టింది. చేతిలో దాని అచ్చు ఎర్రగా పడింది.

"ఇక ఈ బల్ల దగ్గర నాకేం పని, ఉస్తాద్?"

ఉస్తాద్ లేచి, నీళ్లు మళ్లీ కాచాడు. మిగిలిన పొడి అంతా వేశాడు. నమూనా కప్పులు కాకుండా, తను టీ తాగే పెద్ద గ్లాసులు రెండు అలమరలోంచి తీసి కడిగాడు. అంచులదాకా పోశాడు. ఇత్తడి గిన్నెని కాలితో బల్ల కిందకి నెట్టేశాడు. తాళంచెవిని పక్కకి జరిపి, ఆ చోట ఆమె గ్లాసు పెట్టాడు.

"బేటీ, ఇన్నేళ్లలో ఇక్కడ మనిద్దరం కలిసి ఎన్ని కప్పులు రుచి చూసి ఉంటాం?"

"లెక్కెక్కడిది ఉస్తాద్."

"ఎన్ని తాగాం?"

ఆమె ఆలోచించింది. ఒక్కటీ గుర్తు రాలేదు. తర్వాత ఆయన ముఖంలోకి చూసింది. నెరిసిన గడ్డం, నీళ్లు నిండిన ముసలి కళ్లు, చేతిలో పొగలు కక్కుతున్న గ్లాసు. అన్నేళ్లుగా ఆ బల్లకి అటువైపు కూర్చున్న మనిషిని ఆమె మొదటిసారి చూస్తోంది.

"చల్లారిపోతుంది" అన్నాడు ఉస్తాద్.